ఒక్క టీచర్, ఒక్క గది, ఐదు తరగతులు: రోజంతా బడి ఎలా నడపాలి

డీఎస్సీ కొట్టి, పోస్టింగ్ ఆర్డర్ పట్టుకుని ఊరికి వెళ్తే అక్కడ ఒక గది, ఒక వరండా, పాతిక ముప్పై మంది పిల్లలు, ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ, టీచర్ మాత్రం మీరొక్కరే. మన రెండు రాష్ట్రాల్లోనూ చాలామంది ఎస్జీటీలు (ప్రాథమిక బడి టీచర్లు) ఇలాంటి బడితోనే ఉద్యోగం మొదలుపెడతారు. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలి. కానీ రెండో పోస్టు ఖాళీగా ఉండొచ్చు, ఉన్న రెండో టీచర్ డిప్యుటేషన్ మీద వెళ్ళి ఉండొచ్చు, ఏదైనా సరే రేపు పొద్దున గంట కొట్టాక ఆ గది మీ ఒక్కరిదే.

ట్రైనింగ్‌లో మనం రాసిన పీరియడ్ ప్లాన్లన్నీ తరగతికొక టీచర్ ఉంటారనుకుని రాసినవి. అవే ఇక్కడ పెట్టుకుంటే ఒక్కో తరగతికి ఒక్కో సబ్జెక్టులో పట్టుమని పదిహేను నిమిషాలు కూడా రావు, మీరు గదిలో అటూ ఇటూ పరిగెత్తడమే మిగులుతుంది. అందుకే ముందే ఒక నిర్ణయానికి రండి: చదవడం, లెక్కలు, ఈ రెండింటి వరకూ తరగతుల గీత చెరిపేయాలి. పిల్లవాడు ఏ తరగతో రిజిస్టర్ చెబుతుంది, మీకు కావలసింది వాడు ఈరోజు ఏం చదవగలడు, ఎంత లెక్క చేయగలడు అన్నది. కింద చెప్పేదంతా ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉంది.

మొదటి వారం పాఠ్యపుస్తకం తెరవకండి

ఈ వారం మీ పని పిల్లల్ని ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుని చూడటం. నాలుగు అట్టముక్కలు తయారు చేసుకోండి. ఒకదాని మీద చిందరవందరగా పది అక్షరాలు, రెండోదాని మీద గుణింతాలున్న చిన్న చిన్న మాటలు, మూడోదాని మీద ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాలు, నాలుగోదాని మీద రెండో తరగతి స్థాయిలో చిన్న కథ. ప్రథమ్ సంస్థ 2005 నుంచి చేస్తున్న అసర్ సర్వేలోనూ చదవడం చూసేది ఈ నాలుగు మెట్ల మీదే. ముందు నాలుగు వాక్యాల అట్ట ఇవ్వండి. తడుముకోకుండా చదివితే కథ ఇవ్వండి, ఆగిపోతే మాటలకు దిగండి, అక్కడా కుదరకపోతే అక్షరాలకు. లెక్కలకు కూడా అంతే: ఒకటి నుంచి తొమ్మిది అంకెలు గుర్తుపడుతున్నాడా, రెండంకెల సంఖ్యలు వస్తాయా, అప్పు తెచ్చుకునే తీసివేత వస్తుందా, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలడా.

దీన్ని గది మధ్యలో, అందరూ వింటుండగా చేయకండి. వరండా చివర, లేదా చెట్టు కింద, మీరిద్దరే ఉండేలా చూసుకోండి. ఐదో తరగతి పిల్ల తనకు అక్షరాలు రావని ఒకటో తరగతి తమ్ముడి ముందు బయటపడితే ఆ పిల్ల మళ్ళీ మీ ముందు నోరు విప్పడానికి నెలలు పడుతుంది. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు చాలు. ఫలితం ఒక లాంగ్ నోట్‌బుక్‌లో పేరు, తేదీ, ఏ మెట్టు దగ్గర ఆగారు, ఏ అక్షరాల దగ్గర తడబడ్డారు అని రాసుకోండి. ఈ నోట్‌బుక్ ఆఫీసుకు చూపించడానికి కాదు, మీ కోసం, కాబట్టి నిజమే రాయండి.

ఆ సమయంలో మిగతా పిల్లలు ఏం చేస్తారనేది సహజంగా వచ్చే ప్రశ్న. బొమ్మలు గీయనివ్వండి, లైబ్రరీ పుస్తకాలు కింద పరిచేయండి, పెద్దపిల్లలతో కథ చెప్పించండి. ఆ వారం సిలబస్ వెనకబడుతుందన్న టెన్షన్ వద్దు. అక్షరాలు రాని పిల్లవాడికి మూడో తరగతి వాచకంలో పాఠం పూర్తయిందని రాసుకోవడం కన్నా పెద్ద వెనకబాటు లేదు.

గుంపులు చేయడం

ఫలితాలు ముందు పెట్టుకుంటే మీకు దాదాపు ఎప్పుడూ కనిపించేది ఇదే: మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు కొందరు ఒకటో తరగతి పిల్లలతో కలిసి అక్షరాల దగ్గరే ఉంటారు, రెండో తరగతి పిల్ల ఒకరిద్దరు గడగడా కథ చదివేస్తుంటారు. చదివే గంటకు అక్షరాల గుంపు, మాటల గుంపు, వాక్యాల గుంపు, కథల గుంపు అని నాలుగు చేయండి. పేర్లు మాత్రం అలా పెట్టకండి, గోదావరి, కృష్ణ, తుంగభద్ర, నాగావళి అని నదుల పేర్లు పెట్టుకోవచ్చు. ఏ పేరు పెట్టినా ఎవరు ఎక్కడున్నారో పిల్లలకు రెండో రోజుకే తెలిసిపోతుంది. అందుకే అసలు జాగ్రత్త పేరులో కాదు, రోజంతా అదే గుంపులో కూర్చోబెట్టకపోవడంలో ఉంది. తెలుగుకు ఒక గుంపు, లెక్కలకు వేరే గుంపు, మధ్యాహ్నం పనులకు అన్ని వయసులూ కలిసిన గుంపు. తెలుగులో వెనకున్న పిల్లవాడు లెక్కల్లో ముందుంటాడు చాలాసార్లు, అది వాడికీ మిగతావాళ్ళకీ కనిపించాలి.

ఇలా స్థాయిని బట్టి నేర్పే పద్ధతి ఎక్కడి నుంచో దిగిరాలేదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడుల్లోనే ఒకే గదిలో అన్ని తరగతులూ కార్డులతో, మెట్లతో నేర్చుకునే పద్ధతి రూపుదిద్దుకుంది. ఆ తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడులు కూడా అక్కడి నుంచి చాలా తీసుకున్నాయి. అక్కడి కార్డుల్లో నాకు బాగా నచ్చేది ఏంటంటే, ఏ పనికి టీచర్ పక్కనే ఉండాలి, ఏది తోటి పిల్లలతో చేసుకోవచ్చు, ఏది ఒంటరిగా చేసుకోవచ్చు అన్నది ముందే విడదీసి పెట్టడం. మీ గదిలో కూడా ప్రతి పనికీ ఈ ప్రశ్న వేసుకోండి.

పొద్దున మొదటి అరగంట

ప్రార్థన, ప్రతిజ్ఞ అయ్యాక అందర్నీ లోపల గుండ్రంగా కూర్చోబెట్టండి. (ఆ ప్రతిజ్ఞ 1962లో రాసింది మన నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు అని పిల్లలకు ఒకసారి చెప్పండి, రోజూ అప్పజెప్పే మాటల వెనక మన పక్క ఊరి మనిషిలాంటి ఒకాయన ఉన్నాడని తెలిస్తే వాళ్ళ కళ్ళు పెద్దవవుతాయి.) మీరు ఫోన్‌లో అటెండెన్స్ యాప్‌తో కుస్తీ పడుతున్నంతసేపూ పిల్లలు ఖాళీగా ఉండకుండా ఈ పనులు వాళ్ళకే అప్పగించండి: ఒకరు బోర్డు మీద తేదీ, వారం రాస్తారు, ఒకరు ఎండా మబ్బా వానా రాస్తారు, ఇంకొకరు ఎంతమంది వచ్చారో, ఎంతమంది రాలేదో, మొత్తం ఎంతో లెక్కేసి రాస్తారు. ఆ లెక్కనే ఐదో తరగతి పిల్లలు వంటామెకు చెప్పి రావాలి, గుడ్డు ఇచ్చే రోజైతే ఎన్ని గుడ్లు కావాలో కూడా.

తర్వాత ఊరి కబుర్లు. నిన్న సాయంత్రం నుంచి ఇప్పటిదాకా చూసింది ఒక్కొక్కరు ఒక్క మాట చెప్పాలి. గేదె ఈనింది, బోరు పాడైంది, అమ్మమ్మ వచ్చింది. అందులో ఒకటి ఎంచుకుని పిల్లలు చెప్పిన మాటల్లోనే మూడు వాక్యాలు బోర్డు మీద రాయండి. వాళ్ళు ఇంట్లో మాట్లాడినట్టే రాయండి, దిద్దకండి. ఏజెన్సీలో సవర, కోయ, గోండి, లంబాడీ మాట్లాడే పిల్లలుంటే ఆ మాటను ముందు వాళ్ళ భాషలో చెప్పనిచ్చి, తెలుగులో ఏమంటారో పెద్దపిల్లల చేత చెప్పించండి. ఈరోజు చదవడానికి మీ మొదటి పాఠం ఆ మూడు వాక్యాలే.

తెలుగు చదివించడం: ఎక్కువ ఓపిక కావలసింది ఇక్కడే

తెలుగుకు గంటన్నర కేటాయించండి, పొద్దున పూటే. మొదటి పావుగంట అందరికీ కలిపి కథో గేయమో, మీరే చదవండి, వేలు పెట్టి చూపిస్తూ. మిగతా సమయంలో మీరు రెండు గుంపులతోనే కూర్చుంటారు, అందులో అక్షరాల గుంపు రోజూ తప్పనిసరి. కథల గుంపుకు వారంలో రెండుసార్లు మీరు చాలు.

అక్షరాల గుంపుకు అ నుంచి ఱ దాకా వరస పెట్టకండి. పిల్లలకు వెంటనే మాటలు చదివిన సంతోషం రావాలి. త, ల, వ, క, ప, న ఈ ఆరూ తెలిస్తే తల, వల, కల, పలక, నవల, పలకలు దాకా ఎన్నో చదవొచ్చు (పలకలులో కొమ్ము కూడా వచ్చేస్తుంది). మాట ముందు, అక్షరం తర్వాత: తల పట్టుకుని చూపించి, బోర్డు మీద రాసి, త ఎక్కడుందో వెతికించండి, పాత దినపత్రిక ఇచ్చి త కనిపించిన చోటల్లా సున్నా చుట్టమనండి. వ, ప, మ ఒకే వారంలో నేర్పకండి, న, స కూడా, డ, ద, ధ కూడా. ఒకటి గట్టిపడ్డాకే దాని కవల దగ్గరికి వెళ్ళాలి, లేకపోతే రెండూ కలిసిపోయి ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతాయి.

గుణింతాల దగ్గర ఒక మాయ ఉంది. క కా కి కీ అని రాగం తీస్తూ చివరిదాకా అప్పజెప్పే పిల్లను పిలిచి, మధ్యలో కూ మీద వేలు పెట్టి అడగండి, మళ్ళీ మొదటి నుంచి రాగం అందుకుంటే తప్ప చెప్పలేదు. అంటే ఆ పిల్లకు వచ్చింది పాట, గుర్తు కాదు. అందుకే పన్నెండు గుర్తులనూ ఒక్కసారి పొయ్యకుండా ఒక్కో గుర్తును తెలిసిన అక్షరాలన్నిటికీ తగిలించండి. ఈ వారం దీర్ఘం: కల పక్కన కాలు, పలక పక్కన పాలు, తల పక్కన తాత. వచ్చే వారం గుడి. తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము వచ్చేసరికి పిల్లలు చాలా చిన్న మాటలు చదివేస్తారు, ఐత్వం, ఔత్వం ఎప్పుడో నిదానంగా రావొచ్చు, వాటికోసం ఎవర్నీ ఆపకండి.

ఒత్తుల్లో ముందు ఇంటి మాటలు: అమ్మ, అక్క, అన్న, అవ్వ, కుక్క, పిల్లి, కప్ప. అదే అక్షరానికి అదే ఒత్తు కాబట్టి నోటికి ముందే తెలుసు, కంటికి పరిచయం చేయడమే మిగిలింది. చాలా ఒత్తులు అసలు అక్షరానికి తలకట్టు తీసేసినట్టే ఉంటాయి, కానీ త, న, మ, య, ర, ల ఒత్తుల రూపమే వేరు. మన మాటల్లో ఎక్కువగా వచ్చేవి కూడా ఇవే. ఒక్కోదానికి ఒక్కో అట్ట చేసి, గోడకు పిల్లల కంటి ఎత్తులో అంటించండి, దాని కింద ఆ ఒత్తున్న మాట ఎక్కడ కనిపించినా రోజూ వాళ్ళే రాసి పెట్టాలి, బస్సు మీదైనా సబ్బు కవరు మీదైనా. పుస్తకం, చంద్రుడు లాంటి సంయుక్తాలు ఆ తర్వాత.

వాక్యాల గుంపుతో కూర్చున్నప్పుడు వేగం కోసం తొందరపెట్టకండి. చిన్న తరగతుల్లోనే చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021 జూలైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో మూడో తరగతికి నిమిషానికి కనీసం అరవై మాటలు అని ఉంది. తెలుగులో ఒక్క మాటే "వెళ్ళిపోతున్నారట" అంత పొడుగు ఉంటుంది, కాబట్టి స్టాప్‌వాచ్ పట్టుకుని పిల్లల్ని హడలగొట్టే ముందు చదివింది అర్థమైందా అని అడగండి. పుస్తకం మూసి, ఏం జరిగిందో నీ మాటల్లో చెప్పమనండి. చెప్పగలిగితే వేగం తర్వాత వస్తుంది.

మీరు లేని గుంపులు ఏం చేయాలి

అసలు కష్టమంతా ఇక్కడే. మీరు నలుగురితో కూర్చుంటే మిగతా ఇరవై మంది ఒక్కొక్కరుగా పలక తెచ్చి "సార్ చూడండి, సార్ అయిపోయింది" అని నిలబడతారు. దీనికి మూడు అలవాట్లు మొదటి నెలలోనే నేర్పాలి. ఒకటి, సందేహం వస్తే ముందు గుంపులో ముగ్గురిని అడగాలి, ఆ తర్వాతే టీచర్. రెండు, పని అయిపోతే పలక గోడకు ఆనించి పెట్టి, మూలనున్న పుస్తకాల దగ్గరికి వెళ్ళాలి. గుంపు మారేటప్పుడు మీరు గోడ వెంబడి నడుస్తూ పలకలన్నీ ఒకేసారి చూస్తారు. మూడు, మీరు ఒక గుంపుతో కింద కూర్చున్నంతసేపూ ఎవరూ పిలవకూడదు, దెబ్బ తగిలితే తప్ప. ఇవి ఒక్క రోజులో రావు. కానీ మీరు ఒక్కసారి మెత్తబడి మధ్యలో లేచి వెళ్ళారంటే మర్నాడు అందరూ పిలుస్తారు.

ఇచ్చే పని కూడా వాళ్ళంతట వాళ్ళు తప్పొప్పులు చూసుకోగలిగేదై ఉండాలి. బొమ్మ ఒకవైపు, మాట ఇంకోవైపు ఉన్న కార్డులు, ముక్కలుగా కత్తిరించిన వాక్యాన్ని వరసలో పేర్చడం, జంటగా కూర్చుని ఒకరు చదువుతుంటే ఇంకొకరు వేలు పెట్టి వెంబడించడం, పొద్దుటి మూడు వాక్యాలకు ఇంకో రెండు కలపడం. ఎత్తిరాత మాత్రం ఇవ్వకండి. పది సార్లు రాయమంటే గది నిశ్శబ్దంగా ఉంటుంది నిజమే, నేర్చుకునేది మాత్రం దాదాపు ఏమీ ఉండదు.

గుంపుకొక లీడర్‌ని పెట్టండి, వారం వారం మార్చండి. ఐదో తరగతి పిల్లలకే ఎప్పుడూ చిన్నపిల్లల్ని అప్పజెప్పి వాళ్ళ చదువు పోగొట్టకండి, వాళ్ళూ నేర్చుకోవడానికే వచ్చారు. కర్ర మాత్రం ఏ లీడర్ చేతిలోనూ ఉండకూడదు, మీ చేతిలోనూ.

గోడల కింది భాగం రెండు మూడు అడుగుల ఎత్తు దాకా నల్ల రంగు వేయించగలిగితే వేయించండి. ప్రతి పిల్లకీ ఒక్కో గడి. గ్రాంటు డబ్బుల్లో ఇంతకన్నా ఉపయోగపడే ఖర్చు నాకు తెలియదు.

లెక్కలు

కావలసిన సామాను ఊళ్ళోనే దొరుకుతుంది: చింతగింజలు, గులకరాళ్ళు, ఈనె పుల్లలు, రబ్బరు బ్యాండ్లు. పది పుల్లలు ఒక కట్ట, ఇంతే స్థానవిలువలంటే. 52 లోంచి 27 తీసేయమంటే చాలామంది పిల్లలు 35 అని రాస్తారు, ఎందుకంటే 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీసేస్తారు. ఎర్ర పెన్నుతో కొట్టేస్తే వాళ్ళకేమీ అర్థం కాదు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు చేతికివ్వండి. ఏడు పుల్లలు ఇవ్వమని చెయ్యి చాపండి. రెండే ఉన్నాయని కాసేపు చూస్తారు, చూడనివ్వండి, మీరు చెప్పకండి. ఎవరో ఒకరు కట్ట విప్పుతారు. అప్పుడు నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు. ఏడు ఇచ్చాక ఐదు, రెండు కట్టలు ఇచ్చాక రెండు, మొత్తం 25. కట్ట విప్పడం చేతికి అలవాటయ్యేదాకా, అంటే కనీసం ఓ వారం పాటు, అంకెల్లో రాయించకండి.

ఇప్పుడు పుస్తకాలు రెండు భాషల్లో ఉన్నాయి కాబట్టి ఇంకో చిక్కు వస్తుంది. థర్టీన్, థర్టీ పిల్లల చెవికి ఒకేలా వినిపిస్తాయి, పదమూడు, ముప్పై అంటే ఆ గందరగోళం లేదు. కాబట్టి ముందు తెలుగులో చెప్పించి, కట్టలు చూపించి, తర్వాత ఇంగ్లీషు పేరు కలపండి. తెలుగులో పద్దెనిమిది, పంతొమ్మిది దగ్గర కాస్త ఆగండి, అవి వినగానే లోపలున్న ఎనిమిది, తొమ్మిది అందరికీ పట్టుబడవు.

వారానికి ఒకరోజు అంగడి పెట్టండి. ఖాళీ సబ్బు పెట్టెలు, బిస్కెట్ కవర్లు, కాగితపు నోట్లు. సంతలో అమ్మ పక్కన కూర్చుని కూరగాయలు అమ్మే పిల్లవాడు యాభైకి ముప్పై రెండు పోతే చిల్లర ఎంతో నోటితో ఠక్కున చెబుతాడు, అదే లెక్క పలక మీద రాస్తే తెల్లమొహం వేస్తాడు. ఆ అంగడి దగ్గరే పలక పెట్టండి, నోటితో చెప్పింది అక్కడికక్కడే రాయించండి. వామనగుంటలు, వైకుంఠపాళి కూడా ఆటల పీరియడ్‌కు వదిలెయ్యకుండా లెక్కల గంటలోనే ఆడించండి.

మధ్యాహ్నం

భోజనాల తర్వాత గుంపు పని ఇస్తే కునికిపాట్లే. అందుకే పరిసరాల విజ్ఞానం ఇక్కడ పెట్టి, అందరికీ ఒకే అంశం ఇవ్వండి, పని మాత్రం వేరు. నీళ్ళు అనుకుందాం: అందరూ కలిసి బోరింగు దాకా నడిచి వస్తారు, ఒకటి రెండు తరగతులు చూసింది బొమ్మ వేస్తాయి, మూడో తరగతి నీళ్ళు ఎక్కడెక్కడి నుంచి వస్తాయో పేర్లు రాస్తుంది, నాలుగు ఐదు తరగతులు ఒక్కో ఇంట్లో రోజుకు ఎన్ని బిందెలు ఖర్చవుతాయో అడిగి పట్టిక కడతాయి. ఇంగ్లీషు కూడా ఇప్పుడే, మాటలతో, ఆటలతో, అరగంటకు మించకుండా. చివర్లో మైదానం. తొక్కుడుబిళ్ళకు గడులు గీసుకోవడం, జట్లు వేసుకోవడం వాళ్ళకే వదిలేయండి.

నెలాఖరున

మొదటి వారం వాడిన అట్టముక్కల్లాంటివే కొత్తవి రాసి, నెలకోసారి అందర్నీ మళ్ళీ చూడండి. రోజూ ముగ్గురిని చొప్పున పిలిస్తే భారం ఉండదు. మెట్టెక్కినవాళ్ళను ఆ రోజే పై గుంపులోకి మార్చండి, ఏడాది మధ్యలో పెట్టే ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్ష దాకా ఆపకండి. పత్తి తీతలకో మిరప కోతలకో అమ్మానాన్నలతో వలస వెళ్ళి రెండు నెలల తర్వాత తిరిగొచ్చిన పిల్లల్ని ఇన్నాళ్ళూ ఏమయ్యావని నిలదీయకండి, వెళ్ళింది వాళ్ళ ఇష్టంతో కాదు. వచ్చిన రోజే ఐదు నిమిషాలు చూసి, సరిపోయే గుంపులో కూర్చోబెట్టండి. తరగతి ప్రకారం నడిచే గదిలో వాళ్ళు ఎప్పటికీ అందుకోలేరు, ఇలాంటి గదిలో మర్నాటి నుంచే నేర్చుకుంటారు.

తల్లిదండ్రుల మీటింగ్‌లో మార్కుల లిస్టు చదవడం తగ్గించి, ఒక్కో పిల్ల వాళ్ళమ్మ పక్కన కూర్చుని తనకు వచ్చిన పేజీ చదివి వినిపించేలా చేయండి. తనకు చదువు రాని తల్లికి కూడా ఆ క్షణంలో అంతా అర్థమవుతుంది, రేపటి నుంచి పిల్లను పంపమని మీరు విడిగా చెప్పక్కర్లేదు.

రెండు మూడు నెలలు రోజూ బడికి వచ్చినా కదలని పిల్లలు ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళను మొద్దులనుకోకముందు బోర్డుకు దగ్గరగా కూర్చోబెట్టి చూడండి, వెనక నుంచి మెల్లగా పేరు పెట్టి పిలిచి వినిపిస్తోందేమో చూడండి. హెల్త్ టీం వచ్చినప్పుడు కళ్ళు, చెవులు తప్పకుండా పరీక్ష చేయించండి, పేర్లు ముందే రాసి పెట్టుకోండి. అప్పటికీ తేలకపోతే మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచర్‌తో మాట్లాడి, మీ నోట్‌బుక్‌లో ఆ పిల్లవాడి పేజీ చూపించండి. ఏ తేదీన ఏ అక్షరం దగ్గర ఆగాడో అందులో ఉంటుంది కాబట్టి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో ఇద్దరూ కలిసి అక్కడే తేల్చుకోవచ్చు.